ఒకటే తిట్టు

మేస్త్రి నోట ఒకే ఒక్క తిట్టు ఉండేది. బస్సు డిపోలో మిగతావాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళందర్నీ లాగి, వంశం మొత్తాన్ని కడిగి ఆరేసేంత పొడుగు తిట్లు తిడుతుంటే, ఆయన మాత్రం "పందీ!" అని ఊరుకునేవాడు. నట్టు వదులుగా బిగించినవాడు పంది. గ్రీజు చేతులతో స్టీరింగు ముట్టుకున్నవాడు పంది. పనిముట్టు తీసినచోట పెట్టనివాడు పంది. గొంతు చించుకుని అనేవాడు కూడా కాదు. అయినా షెడ్డు ఈ చివర ఆ మాట పడితే, ఆ చివర బస్సు కింద గోతిలో పనిచేసేవాడు ఉలిక్కిపడి తన పాన వంక చూసుకునేవాడు. ఉన్నది ఒకటే తిట్టు కాబట్టి దానికంత విలువ.

ఆ తిట్టు అందరికంటే ఎక్కువ తిన్నవాడు బక్కోడు. పేరుకే బక్కోడు. పనిలో చేరిన కొత్తలో పెట్టిన పేరది. ఇప్పుడు గోతిలోకి దిగాలంటే ఊపిరి బిగబట్టి పక్కకి తిరిగి దిగాలి. చెవుల పక్కన జుట్టు నెరిసింది, కూతురికి పెళ్ళీడొచ్చింది. మేస్త్రి దగ్గర మాత్రం ఇంకా మొదటి రోజు కుర్రాడే.

ఆవేళ ఇద్దరూ ఒక బస్సు గేర్‌బాక్సు దించుతున్నారు. ఇద్దరూ అంటే దించేది బక్కోడు, దింపించేది మేస్త్రి. కిడ్నీలు పాడైనప్పటి నుంచి మేస్త్రిని బరువెత్తనివ్వడం లేదు. బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని పని చెబుతాడు. డయాలసిస్ సూదులు గుచ్చీ గుచ్చీ ఆ చేతి నరం తాడులా ఉబ్బింది. అయినా ఆయన చెవి ముందులాగే ఉంది. జాకీ చప్పుడు విని, అది ఎంత దిగిందో చూడకుండానే చెప్పేస్తాడు.

"మెల్లగా రా, మెల్లగా... ఒరే, మెల్లగా దించరా పం..."

మాట సగంలో ఆగిపోయింది. బక్కోడు కింద నుంచి తల బయటికి పెట్టి చూశాడు. తిట్టు పూర్తిగా రాకపోయేసరికి వాడికి పనిలో ఏదో వెలితిగా అనిపించింది.

"ఏంటి మేస్త్రీ, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. బోల్టు చూడు."

"రేపేగా ఆస్పత్రిలో మీటింగు? ఆ ఫారిన్ కిడ్నీ గురించి?"

"ఆఁ, రేపే."

"ఎవరిదో తెలిసిందా మరి?"

"అలాంటివి చెప్పర్రా. రూలు ఒప్పుకోదు," అన్నాడు మేస్త్రి. అని, మగ్గు అందుకుని, ఒక గుక్క నీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేశాడు. డాక్టర్లు నీళ్ళకి కొలత పెట్టాక, దాహం తీరా తాగే యోగం ఆయనకి పోయి చాలా కాలమైంది.

ఫారిన్ కిడ్నీ అన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఆ పద్ధతి బయటి దేశంలోనే పుట్టింది. ఎవరిదో చెప్పరన్నది మాత్రం పచ్చి అబద్ధం. చెప్పారు. కాగితం మీద రాసి మరీ చెప్పారు. ప్రత్యేకంగా పెంచిన ఒక పంది కిడ్నీ, మనిషి ఒంటికి పడేలా దాని పుట్టుకలోనే మార్పులు చేసి పెంచిన పంది కిడ్నీ, ఈ ఆస్పత్రిలో మొదటిసారిగా ఆయనకి పెడతామన్నారు. ప్రపంచం మొత్తం మీద ఇది జరిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. ఆ మాట విన్నరోజు మేస్త్రికి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. అప్పటి నుంచి ఆ వెలక్కాయ అక్కడే ఉంది.

మర్నాడు ఆస్పత్రిలో ముందు ఆయన భార్యని లోపలికి పిలిచారు. ఇలాంటి ఆపరేషన్లకి ఆస్పత్రి సొంతంగా ఊఁ అంటే సరిపోదు. నియంత్రణ సంస్థ తరఫున ఆస్పత్రితో ఏ సంబంధమూ లేని మనిషి ఒకరు వచ్చి, రోగితోనూ ఇంట్లోవాళ్ళతోనూ విడివిడిగా మాట్లాడి, విషయం వాళ్ళకి నిజంగా అర్థమైందని సంతకం పెడితేనే పని ముందుకు సాగేది. భార్య అలా వెళ్ళి ఇలా వచ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "వెళ్ళండి, మంచావిడ," అని మాత్రం చెప్పింది.

లోపల చిన్న గది. ఒక బల్ల, మూలన చేతులు కడుక్కునే తొట్టి. ఆపరేషన్ చేయబోయే డాక్టరు ఒక పక్కన, ఆ సంస్థ పంపిన కళ్ళద్దాల మేడమ్ ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పేదట. ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది.

"మీకేం చేయబోతున్నారో మీ మాటల్లో చెప్పండి," అందావిడ.

దీనికి మేస్త్రి బాగా తయారై వచ్చాడు. కుర్చీ కాస్త ముందుకు లాక్కున్నాడు.

"చూడండి మేడమ్. మన బండి ఫిల్టరు పోయింది. అదే కంపెనీది దొరకడం లేదు. దొరికేదాకా బండి ఆగదు. అప్పుడేం చేస్తాం? వేరే కంపెనీది తెస్తాం. కానీ దాని మరలు మన బండికి పట్టవు. బలవంతంగా ఎక్కిస్తే ఇంజనే తన్నేస్తుంది. అందుకని దాన్ని తయారుచేసేచోటే మన కొలతకి మరలు కోయించి తెస్తారు. అయినా మన ఇంజను ఇది నాది కాదని పేచీ పెడుతుంది. పెట్టకుండా రోజూ మందులెయ్యాలి. ఎన్నాళ్ళు నడుస్తుందో గ్యారంటీ లేదు. నడవకపోతే తీసేసి మళ్ళీ డయాలసిస్ మిషను మీదికి వెళ్ళాలి. అంతే కదండీ?"

డాక్టరు మొహం వెలిగిపోయింది. "రేపు విలేకర్లకి మీ చేతే చెప్పిస్తా," అన్నాడు నవ్వుతూ. మేస్త్రికి లోపల ఎక్కడో మీసం మెలేసుకున్నట్టయింది.

కళ్ళద్దాల మేడమ్ కూడా నవ్వింది. "చాలా బాగా చెప్పారు. ఆ పార్టు ఏ కంపెనీదండీ?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "వరాహ మూలక అవయవం మేడమ్."

అది కాగితంలో ఉన్న మాట. ఎవరో పండితుడు రాసిపెట్టిన మాట. ఆ మాట దొరికినందుకు మేస్త్రి ఆ పండితుడికి మనసులోనే ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నాడో.

"వరాహమంటే?"

"అదేనండీ... ఒక జంతువు."

"ఏ జంతువు?"

"కాగితంలో ఉందిగా మేడమ్."

"కాగితంలో ఉన్నది నేను చదువుకోగలను. మీ ఇంట్లో, మీ డిపోలో దాన్ని ఏమంటారు?"

రోజుకెన్నిసార్లు అన్నాడో లెక్కలేని మాట, రెండక్షరాలు, నాలిక చివర నిలబడి దిగనంటోంది. డాక్టరు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేడమ్ తొందరపెట్టలేదు. కాసేపాగి వేరే ప్రశ్న వేసింది.

"మీతో రోజూ కలిసి పనిచేసేవాళ్ళకి తెలుసా?"

"తెలుసండీ."

"ఏమని?"

"ఫారిన్ కిడ్నీ అని."

మేస్త్రికి చెవులు వేడెక్కాయి. దాంతోపాటు కోపమూ వచ్చింది.

"ఒక మాటడుగుతా మేడమ్, ఏమనుకోకండి. మనిషి కిడ్నీ పెట్టించుకున్నవాడిని, అది ఎవరిదో ఊరంతా చెప్పుకో అని ఎవరైనా అంటారా? దర్జాగా పెట్టించుకుని ఇంటికి పోతాడు. నాకెందుకండీ ఈ పరీక్ష? ఏం పాపం చేశానని?"

"మీరేం పాపం చేయలేదు. మీ దగ్గర ఎక్కువ అడుగుతున్నాం, నిజమే. మొదట వెళ్ళేవాళ్ళని ఎక్కువే అడుగుతారు," అంది ఆవిడ. "ఆ జంతువు నుంచి మనుషులకి కొత్త రోగమేదీ రాకుండా ఎన్ని జాగ్రత్తలు తీసుకోవాలో అన్నీ తీసుకున్నారు. అయినా రాదని ఇప్పటికిప్పుడు రాసిచ్చేవాడు ఈ భూమ్మీద లేడు. అందుకే మీకూ మీ ఆవిడకీ బతికినంతకాలం రక్త పరీక్షలు. ఇంక మీరు ఎవరికీ రక్తం ఇవ్వకూడదు. రేపెప్పుడో డిపోలో మీరు జ్వరమొచ్చి పడిపోతే, పక్కనున్నవాడు ఏ ఆస్పత్రికి మోసుకెళ్ళినా, వాడు మొట్టమొదట చెప్పాల్సిన మాట ఇదే. వాడికి మీరు ఫారిన్ అని చెబితే వాడూ అదే చెబుతాడు. ఆ డాక్టరు వేరే ఏదో వెతుకుతూ కూర్చుంటాడు. ఈ రూలు మీ ఒక్కరి కోసం కాదండీ, మీ పక్కన అన్నం తినేవాడి కోసం కూడా."

మేస్త్రికి బక్కోడు గుర్తొచ్చాడు. పక్కన కూర్చుని అన్నం తినేది వాడే.

"మీకు తెలియదని కాదు నా బాధ. తెలిసీ దాచేస్తారేమోనని. శుక్రవారం మళ్ళీ రండి. అప్పటికీ వరాహమే అంటే నేను సంతకం పెట్టలేను. ఈ అవకాశం వరుసలో తర్వాతి మనిషికి వెళుతుంది," అని ఆవిడ పెన్ను మూత పెట్టేసింది.

ఇద్దరూ ఇంటికొచ్చారు. భార్య ఇంట్లోనే నాలుగు వీధుల బట్టలు ఇస్త్రీ చేస్తుంది. వచ్చీ రాగానే పెట్టె వేడికి పెట్టి, తెల్లచొక్కా ఒకటి బల్ల మీద పరిచి, కాలరు మీద నీళ్ళు చిలకరించింది. మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నువ్వేం చెప్పావే అక్కడ?"

"పంది అని చెప్పా. పంది కిడ్నీ అండీ, శుభ్రంగా పెంచిన పంది, మా ఆయన కంటే శుభ్రంగా ఉంటుందట అన్నా. ఆవిడ నవ్వి సంతకం పెట్టించుకుంది."

"నువ్వంటావు. పెట్టేది నాకు."

"పెట్టేది మీకు. కాపురం చేసేది నేను. మీతో పాటు నేనూ పరీక్షలకి రక్తమివ్వాలిగా బతికినన్నాళ్ళూ! నేను ఏమన్నా ఏడ్చానా?"

పెట్టె చొక్కా మీద బుస్సుమంది. మేస్త్రి మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. "డిపోలో ఏ మొహం పెట్టుకుని తిరగను? ఇన్నేళ్ళూ వాళ్ళని నేనేమని పిలిచానో నీకు తెలియదా?"

భార్య చేతిలో పెట్టె ఆగిపోయింది. ఆయన వంక చూసింది. ముందు పెదవి వణికింది, ఆ తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేక పెట్టె పక్కన పెట్టేసి, జనం బట్టల మూట మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మో... అమ్మో... ఇదా! కత్తికి భయపడుతున్నారేమో, చచ్చిపోతానని భయపడుతున్నారేమో అనుకుని నేను ఇన్నాళ్ళూ మీ ముందు కిక్కురుమనలేదు. ఇదా మీ బాధ!"

"నీకు నవ్వులాటగా ఉంది."

నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో ఆవిడకే తెలియలేదు. "నాది ఇద్దామంటే నా షుగరు అడ్డం పడింది. ఆరోజు నేనెంత ఏడ్చానో మీకు తెలియదు. నేనివ్వలేనిది అదిస్తోంది. దాన్ని పేరు పెట్టి పిలవడానికి మీకు నామోషీ! మీరు లేకుండా నేనీ ఇంట్లో ఏం చేయాలో ఒక్కసారైనా ఆలోచించారా?"

మేస్త్రి తల దించుకున్నాడు. దెబ్బ గట్టిగానే తగిలింది. కాసేపటికి లేచి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కొళాయి విప్పి, అద్దం ముందు నిలబడి, తన మొహంలోకి తనే చూసుకుంటూ మెల్లగా అన్నాడు. "నాకు... పం..."

"గట్టిగా!" అంది భార్య బయట నుంచి. "కొళాయి కట్టేసి మరీ చెప్పండి. నీళ్ళు వృథా!"

మర్నాడు పొద్దున డిపోలో పని పంచేవేళ అందరూ షెడ్డు ముందు చేరారు. మామూలుగా మేస్త్రి చెక్కపెట్టె మీద కూర్చుని ఏ బండి ఎవరిదో చెబుతాడు. ఆవేళ నిలబడ్డాడు. కాళ్ళు వాచి ఉన్నాయి, అయినా నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అది చూసి జనానికి ఏదో ఉందని అర్థమైంది.

"ఒక మాట చెప్పాలి. నాకు పెట్టేది ఫారిన్ కిడ్నీ అని చెప్పా. అది అబద్ధం. నాకు పెట్టేది పంది కిడ్నీ." ఒక్క ఊపిరిలో అనేశాడు. అది తిట్టే గొంతే. ఆయనకి ఆ మాట అనడానికి వేరే గొంతు లేదు. "పంది అంటే పందే. రేపు నేనిక్కడ పడిపోతే, ఆస్పత్రిలో ముందు ఆ మాట చెప్పండి, దాచకండి. నాకు జ్వరమొచ్చినా మీకు జ్వరమొచ్చినా ఒకరికొకరం చెప్పుకోవాలి. భయమేసినవాడు నా పక్కన కూర్చోనక్కర్లేదు, నేనేమీ అనుకోను. ఇంక నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే నవ్వేయండి. పనివేళ నవ్వితే ఊరుకోను."

ఎవరూ నవ్వలేదు. టైర్ల గుట్ట వెనక నుంచి ఒక కిచకిచ వినబడి అంతలోనే ఆగింది. ఎవరి డొక్కలో ఎవరు పొడిచారో మరి. అనుకున్నదానికంటే ఈ నిశ్శబ్దమే ఘోరంగా ఉంది. ఇంతలో బక్కోడు చేతులు నూలుపీచుతో తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. వేలు వేలూ తుడిచాడు, గోళ్ళ సందులు కూడా తుడిచాడు.

"మేస్త్రీ, మీరు తిట్టనంటే ఒకటి చెబుతా."

"చెప్పు."

"పోయిన వానల్లో మా అత్తగారికి బాలేదని సెలవు పెట్టా చూడండి. అత్తగారికేం కాలేదు, గుండ్రాయిలా ఉంది. నేను మీ ఆస్పత్రికి వెళ్ళా. మా మేస్త్రికి నాది ఒకటి తీసుకోండి, నాకు రెండున్నాయిగా అని అడిగా. చుట్టానివి కాదు, కుదరదన్నారు. కాళ్ళావేళ్ళా పడితే సరే అని రక్తం తీసి చూశారు. నీది ఆయనకి అస్సలు పడదయ్యా, వెళ్ళు అన్నారు."

మేస్త్రి వెనకున్న పెట్టె కోసం చేత్తో తడిమాడు.

బక్కోడు తల గోక్కున్నాడు. "ఇన్నేళ్ళూ మీరు నన్ను పంది పంది అంటుంటే నిజమే కాబోలనుకున్నా మేస్త్రీ. తీరా చూస్తే నాది సరిపోలేదు, అసలు పందిది సరిపోయింది!"

షెడ్డు రేకులు లేచిపోయేలా నవ్వారు జనం. టైర్ల వెనకున్నవాడు బయటికొచ్చి మరీ నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే పెట్టె మీద కూలబడ్డాడు, కళ్ళ నీళ్ళు ఇస్త్రీ చొక్కా చేతికి తుడిచేసుకున్నాడు. తన పెట్టె పక్కన పనిముట్లందిస్తూ, తిట్లు తింటూ తిరిగిన మనిషి తనకోసం ఒంట్లో ముక్క కోసి ఇవ్వడానికి వెళ్ళొచ్చి, మర్నాడు ఏమీ ఎరగనట్టు బోల్టులు విప్పాడు. అలాంటి మనిషిని తను తయారుచేశాడు. ఛాతీ ఉప్పొంగింది, సిగ్గూ వేసింది.

"ఎందుకు చెప్పలేదురా?"

"తిడతారని."

"ఏమని తిడతాను?"

"ఇంకేమని, మీకున్నది ఒకటేగా!"

మధ్యాహ్నం అన్నాలవేళ బక్కోడు ఎప్పటిలాగే వచ్చి పక్కన కూర్చుని, గిన్నె మూత తీశాడు. వాడి వెనకాలే ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు.

శుక్రవారం ఆస్పత్రిలో కళ్ళద్దాల మేడమ్ ప్రశ్న వేయకముందే మేస్త్రి జవాబు చెప్పేశాడు. "నాకు పెట్టేది పంది కిడ్నీ మేడమ్." డిపో గొంతుకి ఆ చిన్న గది చాల్లేదు. నడవలో పోతున్న నర్సు ఆగి లోపలికి తొంగిచూసింది.

"ఎవరెవరికి తెలుసు?"

"డిపో మొత్తానికీ తెలుసు. మా బక్కోడికి తెలుసంటే బస్సెక్కిన ప్రతివాడికీ తెలిసినట్టే."

ఆవిడ పెన్ను మూత తీసింది. సంతకం పెట్టబోతూ, "మీరేమైనా అడగాలా?" అంది.

మేస్త్రి డాక్టరు వైపు తిరిగాడు. "దాన్ని ఎలా చూసుకుంటారు సార్?"

"గాలి కూడా వడకట్టి పంపిస్తారు. దగ్గరికి వెళ్ళేవాళ్ళు స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళతారు. మంచి తిండి. ఏ జబ్బూ దగ్గరికి రాకుండా పుట్టినప్పటి నుంచి కాపలా."

"మనవి రెండు బాగాలేకపోతే అది ఒకటిస్తుంది. ఆ తర్వాత దానికేం మిగులుతుంది?"

డాక్టరు కాస్త తటపటాయించాడు. "దానికేమీ మిగలదండీ. రెండూ తీసేస్తారు, అది బతకదు."

మేస్త్రి తలూపాడు. చాలాసేపు తన చేతి మీద ఉబ్బిన నరం వంక చూస్తూ కూర్చున్నాడు. మేడమ్ ఆయన లేచేదాకా ఆగి, అప్పుడు సంతకం పెట్టింది.

ఆస్పత్రిలో చేరడానికి ముందు రోజు ఆయన డిపోకి వచ్చాడు. రావద్దని భార్య అంటే, పనిముట్లు అప్పజెప్పి వస్తానన్నాడు. బక్కోడు ఒక బస్సుకి ఇంజనాయిలు మారుస్తున్నాడు. మేస్త్రి వచ్చాడన్న సంబరంలో, అడుగున ఉండే నట్టు సరిగ్గా బిగించకుండానే పైనుంచి కొత్త ఆయిలు పోశాడు. పోసినంతా కింద నుంచి కారి, షెడ్డు నేలంతా పాకి, మేస్త్రి చెప్పుల దాకా వచ్చింది.

షెడ్డంతా పని ఆపేసింది. పాన పట్టుకున్నవాడు పానతోనే, జాకీ పట్టుకున్నవాడు జాకీతోనే ఆగిపోయారు. బక్కోడు ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రి నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"ఆ మాట నిన్ను అననురా ఇంక," అన్నాడు చివరికి. "అది ఇచ్చేది ఇచ్చి ప్రాణం పోగొట్టుకుంటోంది. నువ్వు నట్టు బిగించలేకపోయావు. ఆ మాట అనిపించుకునే యోగ్యత నీకింకా రాలేదు."

బక్కోడు ఒక కన్ను తెరిచాడు. "నేనూ ఇవ్వబోయాను కదా మేస్త్రీ."

మేస్త్రి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాత గేరు చక్రం ఇంకా పనికొస్తుందో లేదో చూసినప్పుడు ఆలోచించినట్టు.

"అవును, ఇవ్వబోయావు. సరే, పిల్లవి. గుడ్డ తీసుకుని తుడవరా, పందిపిల్లా!"

షెడ్డులో ఎవరో ఈల వేశారు. బక్కోడు నూలుపీచు తెచ్చుకుని, ఆ లావు ఒళ్ళు వంచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల మాత్రం వంచలేదు. ఛాతీ విరుచుకుని, అందర్నీ ఒకసారి చుట్టూ చూసి, అప్పుడు నేల తుడవడం మొదలుపెట్టాడు.